శీతలపాత్ర నిర్మాత సర్ జేమ్సు డ్యూవరు

ఆసుపత్రిలోనున్న బంధువును చూడబోవువారి చేతిలో తఱచుగా ఒక థర్మాస్ ఫ్లాస్కు కనబడును. ఉదయమున ఇంటిలో కాచి పోసిన పాలు మధ్యాహ్నమువఱకు అందులో వేడిగానే యుండును. ఆ ఫ్లాస్కును మొదట కల్పించినవా డెవడు? పాలకొఱకే కల్పించెనా? ఈ ప్రశ్న వేసికొనువారు మనలో మిక్కిలి తక్కువ. నిజమునకు ఆ పాత్ర వేడిని నిలుపుటకై పుట్టినది కాదు. మానవు డంతవఱకు ఎఱుగని ఘోరమైన చలిని నిలుపుటకై పుట్టినది. నేడు ఆ జాతి పాత్రలలోనే రక్తకణములును, మజ్జకణములును, పశువుల బీజమును, అరుదైన జంతువుల కణజాలములును ఏండ్లతరబడి చెడక నిలిచియున్నవి. ఆ పాత్రను నిర్మించిన శాస్త్రజ్ఞుని చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది. అందు అనుసరింపదగిన గుణములును గలవు, విడువదగిన దోషములును గలవు. రెండింటిని దాచక చెప్పుటయే న్యాయము.

స్కాట్లండు దేశమున ఫోర్తునదీతీరమందు కింకార్డిను అను చిన్న పట్టణము కలదు. అచ్చట 1842వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీని జేమ్సు డ్యూవరు జన్మించెను. తండ్రియైన థామసు డ్యూవరు ద్రాక్షారసపు వర్తకుడు. ఆరుగురు కుమారులలో జేమ్సు కడగొట్టువాడు. బాల్యమున ఊరిలోని పాఠశాలలోనే చదువుకొనెను.

పదియేండ్ల ప్రాయమున అతనికొక గొప్ప ఆపద సంభవించెను. ఆ దేశమున శీతకాలమందు నీళ్లు పైపొర గడ్డకట్టి నేలవలె నగును. బాలురు దానిపై జారి యాడుకొందురు. ఒకనాడు ఆ మంచుపొర విఱిగి జేమ్సు దానిక్రింది చన్నీటిలో పడిపోయెను. ప్రాణము దక్కెను గాని కీళ్లవాతజ్వరము పట్టుకొనెను. ఇంచుమించు రెండేండ్లు అతడు తోడిబాలురవలె ఆడుటకును, పాఠశాలకు పోవుటకును శక్తిలేక యుండెను. బాలునకు అంతకంటె గొప్ప శిక్ష యేమి కలదు?

అయినను ఆ రెండేండ్లు వ్యర్థము కాలేదు. ఊరిలోని వడ్రంగి యొద్దకు పోయి జేమ్సు ఫిడేళ్లు చేయుట నేర్చుకొనెను. ఫిడేలు చేయుట మోటుపని కాదు. పలుచని చెక్కను వెండ్రుకవాసి తప్పక చిత్రికపట్టవలెను. వంపు ఒకచోట ఎక్కువైనను మఱియొకచోట తక్కువైనను నాదము చెడును. అంటించిన జిగురు ఆఱువఱకు ఓపికపట్టవలెను. ఆ రోగపు దినములలో వ్రేళ్లు నేర్చిన నేర్పే తన విద్యలోనెల్ల ముఖ్యభాగమని డ్యూవరు పెద్దవాడై, గొప్ప ఆచార్యుడైన పిమ్మటకూడ చెప్పుచుండెడివాడు. ఆ కాలమున చేసిన ఫిడేలొకటి చెడక నిలిచి, 1921వ సంవత్సరమున ఆయన వివాహపు ఏబదియవ వార్షికోత్సవమున వాయింపబడెను.

పదునైదవ యేట డ్యూవరు తలిదండ్రులు లేనివాడయ్యెను. డాలరు అకాడమీ అను పాఠశాలలో చదువు సాగించి, పిమ్మట ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట రసాయనశాస్త్రాచార్యుడైన లయన్ ప్లేఫేరు ఈ యువకుని హస్తకౌశలమును చూచి తనకు సహాయకునిగా నియమించుకొనెను. 1867లో బెల్జియము దేశమునకు పోయి, ఘెంటు నగరమున ప్రసిద్ధుడైన కెకూలే ఆచార్యునియొద్ద కొంతకాలము పనిచేసెను. 1871లో హెలెన్ రోజు బ్యాంక్సు అను నామెను పెండ్లాడెను. వారికి సంతానము కలుగలేదు. 1875లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆచార్యపదవియు, 1877లో లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో రసాయనాచార్యపదవియు ఆయనకు లభించినవి. ఆ రెండు పదవులను ఆయన మరణపర్యంతము వహించెను. అయినను ఆయన మనస్సు నిలిచినది లండనులోనే.

రాయల్ ఇన్‌స్టిట్యూషను 1799లో స్థాపింపబడిన విజ్ఞానసంస్థ. హంఫ్రీ డేవీయు, మైకేలు ఫారడేయు అచ్చట పనిచేసిరి. కమ్మరి కుమారుడైన ఫారడే 1823లో క్లోరిను వాయువును ఒత్తిడిచే ద్రవముగా మార్చెను. తరువాత మఱికొన్ని వాయువులనుకూడ అట్లే మార్చెను. కాని ఆమ్లజని, నత్రజని, ఉదజని అను వాయువులు ఎంత ఒత్తినను లొంగలేదు. అవి యెన్నటికిని ద్రవములు కానేరవని తలచి పండితులు వానికి శాశ్వతవాయువులని పేరుపెట్టిరి. ఫారడే విడిచిన ఆ పనిని, ఫారడే పనిచేసిన భవనమందే, డ్యూవరు చేపట్టెను.

అప్పటికే ఐరోపాఖండమున ఈ పని ఆరంభమైయుండెను. 1877లో ఫ్రాన్సున కైలిటే యను నాతడును, జెనీవాలో పిక్తే యను నాతడును వేర్వేరుగా ఆమ్లజనిని క్షణకాలము తుంపరగా మార్చి చూపిరి. 1883లో పోలండు పండితులైన వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ అనువారు క్రాకో నగరమందు ఆ ద్రవమును గాజుగొట్టములో నిలువజేసిరి. డ్యూవరు ఈ పనులను శ్రద్ధతో గ్రహించి, శుక్రవారపు సాయంకాలోపన్యాసములలో లండను ప్రజలకు ప్రయోగపూర్వకముగా చూపెను. పిమ్మట తానే పెద్ద యంత్రములను నిర్మించి, 1891 నాటికి ద్రవామ్లజనిని సమృద్ధిగా తయారుచేయగలవాడయ్యెను.

ఇక్కడ చలి యెంతటిదో విద్యార్థులు గ్రహింపవలెను. నీరు గడ్డకట్టు స్థానమును సున్నయని లెక్కించినచో, ద్రవామ్లజని సున్నకు దిగువ 183 డిగ్రీలయొద్ద కాగును. ద్రవనత్రజని 196 డిగ్రీల దిగువను, ఉదజని 253 డిగ్రీల దిగువను కాగును. మనము చల్లనిదని తలచు మంచుగడ్డయే ఆ ద్రవములకు మండుచున్న పొయ్యివంటిది. ద్రవమైన గాలిలో ముంచిన పువ్వు చేతిలో నలిపినంతనే పొడియగును. రబ్బరుముక్క సుత్తిదెబ్బకు గాజువలె పగులును.

ద్రవమును తయారుచేయుట ఒక కష్టము. దానిని నిలుపుట అంతకంటె పెద్ద కష్టము. మామూలు గాజుపాత్రలో పోసినచో చుట్టునున్న గాలిలోని వేడికే అది కుతకుతలాడి నిమిషములలో ఆవిరియై పోవును. పాత్ర వెలుపల మంచు పేరుకొని లోపలి ద్రవము కంటికైనను కనబడదు. ఎన్నో దినములు శ్రమపడి సంపాదించినది చూచుచుండగనే మాయమగుచుండెను.

1892వ సంవత్సరమున డ్యూవరునకు దీనికొక ఉపాయము తోచెను. వేడి ఒకచోటినుండి మఱియొకచోటికి మూడు మార్గముల పోవును. పొయ్యిలోని ఇనుపకడ్డీ కొన కాలినట్లు వస్తువునంటి ప్రాకుట వహనము. కాగుచున్న నీటిలో వేడినీరు పైకి వచ్చినట్లు ప్రవాహముతో పోవుట సంవహనము. ఎండ మన వీపునకు తగిలినట్లు మధ్య ఏమియు లేకున్నను కిరణములుగా వచ్చుట వికిరణము. డ్యూవరు ఒక గాజుపాత్రలో మఱియొక గాజుపాత్రను అమర్చి, రెండింటి మూతులను అతికించి, నడుమనున్న గాలిని వెడలదీసి, శూన్యము గావించెను. శూన్యములో వేడి ప్రాకుటకు ఆధారము లేదు. ప్రవహించుటకు గాలి లేదు. ఇక మిగిలినది వికిరణము. దానిని త్రిప్పికొట్టుటకు గాజుగోడలకు లోవైపున అద్దమువలె వెండిపూత పూయించెను. మూడు ద్వారములును మూసినట్లయ్యెను. అంతవఱకు నిమిషములలో నశించు ద్రవము ఆ పాత్రలో చాల కాలము నిశ్చలముగా నిలిచి, స్వచ్ఛమైన నీటివలె కనబడెను.

చూచుటకిది యెంత సులభమైన కల్పన! రెండు గాజుబుడ్లు, నడుమ శూన్యము, కొంచెము వెండి. కాని ఆ సులభోపాయము తోచుటకు వస్తువుల స్వభావమెఱిగిన చేయి కావలెను. ఒకనాడు మంచులో పడి ఫిడేలుచెక్కను చిత్రికపట్టిన బాలుని చేయియే అది.

ఆ పాత్ర చేతనుండుటచే డ్యూవరు మఱింత క్రిందికి దిగగలిగెను. 1898వ సంవత్సరము మే నెల 10వ తేదీని ఉదజనిని ద్రవముగా మార్చి, సుమారు 20 ఘనసెంటిమీటర్లు పాత్రలో పట్టెను. లోకమున ద్రవోదజనిని పాత్రలో నింపి చూచినవారిలో ఆయనయే మొదటివాడు. మఱుసటి సంవత్సరమున దానిని ఘనముగాకూడ మార్చెను. ఈ పనులు ప్రాణాపాయకరములు. ఆయన సహాయకులైన లెన్నాక్సు, హీతు అను ఇద్దఱును ప్రేలుడులలో చెఱియొక కన్ను కోల్పోయిరి. డ్యూవరు పేరు పుస్తకములలో నిలిచినది. ఆ ఇద్దఱి కన్నుల వెల యెవరు చెల్లింపగలరు?

ఇప్పుడు డ్యూవరు జీవితమున మనకు మిక్కిలి ముఖ్యమైన ఘట్టము వచ్చుచున్నది. ఇంతటి చలిలో జీవము నిలుచునా? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకగోరిన జీవశాస్త్రజ్ఞులకు ఆయన తన ద్రవములను ఇచ్చి తోడ్పడెను. 1897లో హొరేసు బ్రౌను, ఎస్కోంబు అనువారు పలువిధముల విత్తనములను 110 గంటలు ద్రవమైన గాలి చలిలో నుంచి, పిమ్మట నాటి చూచిరి, అవి మొలచెను. 1899లో కియూ తోటల అధిపతియైన థిసెల్టన్ డయరు కోరికపై ఆవ, బఠాణి, గోధుమ, యవలు మొదలగు విత్తనములను డ్యూవరు ద్రవోదజనిలో ఆఱు గంటలకు పైగా ముంచెను. సున్నకు దిగువ 250 డిగ్రీలు దాటిన ఆ చలినుండి తీసి మట్టిలో వేయగా అవికూడ యథాప్రకారము మొలకలెత్తెను.

1900వ సంవత్సరమున అలెన్ మెక్‌ఫాడియెను అను వైద్యశాస్త్రజ్ఞుడు సన్నిపాతజ్వరము, కలరా, డిఫ్తీరియా మొదలగు రోగములను కలిగించు సూక్ష్మజీవులను ద్రవమైన గాలిలో ఏడు దినములవఱకును, ద్రవోదజనిలో పది గంటలును ఉంచి పరీక్షించెను. తీసి వెచ్చజేసినంతనే అవి మరల పెరిగెను. వానిలో చీకటియందు మిణుగురులవలె వెలుగునట్టి సూక్ష్మజీవులును గలవు. అవి ద్రవమైన గాలిలో మునిగినంతనే వెలుగు మానెను. వెచ్చజేసినంతనే మరల వెలిగెను. దీపమార్పినట్లు కాదు, దీపమునకు తెఱ వేసి తీసినట్లయ్యెను. జీవము చలిలో నశింపకయే నిద్రింపగలదని లోకమునకు స్పష్టమయ్యెను. చలిచే ఒకప్పుడు మృత్యుముఖమువఱకు పోయివచ్చిన బాలుడే, చలి ప్రాణమును తీయుటయే కాదు, ప్రాణమును దాచగలదనికూడ చూపిన ప్రయోగములకు సాధనము లమర్చెను.

ఇంతవఱకు ప్రశంసయే చేసితిమి. ఇక డ్యూవరు దోషములను చెప్పవలెను. ఆయన ముక్కోపి. తనతో సమానుడని యెవరిని అంగీకరించుట ఆయనకు కష్టము. అదే నగరమున, కొలది మైళ్ల దూరమున, యూనివర్సిటీ కాలేజీలో విలియమ్ రామ్సే అను మహాశాస్త్రజ్ఞు డుండెను. భూమిపై హీలియమను వాయువును 1895లో మొదట కనుగొన్నవాడు రామ్సేయే. ఉదజని లొంగిన పిమ్మట లొంగక మిగిలినది హీలియమొక్కటియే. చలిని నిర్మించుటలో డ్యూవరు మేటి. హీలియమును సంపాదించి శుద్ధిచేయుటలో రామ్సే మేటి. ఇద్దఱును చేయి కలిపినచో ఏమి సాధింపకుందురు? కాని బహిరంగసభలలో జరిగిన వాదములచే వారు బద్ధవైరులైరి. దోషము ఇరుపక్షములందును గలదు. డ్యూవరు బాతు నగరపు వేడినీటి ఊటలనుండి వెలువడు వాయువునుండి తానే హీలియమును తీయబూనెను. అందు కలిసియున్న నియాను వాయువు చలికి గడ్డకట్టి యంత్రపు గొట్టములను మూసివైచుచుండెను. పని సాగలేదు.

ఇట్లుండగా హాలండు దేశమున లైడెను నగరమందు కామర్లింగు ఓన్నెసు అను ఆచార్యుడు గాజుపనివాండ్రకును, యంత్రపు పనివాండ్రకును శిక్షణమిచ్చి, పెద్ద ప్రయోగశాలను ఓపికతో నడుపుచుండెను. 1908వ సంవత్సరము జూలై 10వ తేదీని ఆయన హీలియమును ద్రవముగా మార్చెను. దానిని నిలుపుటకు డ్యూవరు కల్పించిన శూన్యపాత్రలనే ఆయన వాడెను. జీవితమంతయు డ్యూవరు ఆశించిన విజయము ఆయన పాత్రలోనే, మఱియొకని చేతిలో ఫలించెను. 1904లో రామ్సేకును, 1913లో ఓన్నెసునకును నోబెలు బహుమతి వచ్చెను. డ్యూవరు పేరు పలుమాఱులు సూచింపబడినను ఆయనకు రాలేదు.

శూన్యపాత్ర విషయమునను ఇట్టి చిత్రమే జరిగెను. 1889లో డ్యూవరును, ఫ్రెడరిక్ ఆబెలును కలిసి యుద్ధమున తుపాకులకు ఉపయోగపడు కార్డైటు అను పొగలేని మందును కనిపెట్టి దానికి పేటెంటు పొందియుండిరి. శూన్యపాత్రకు మాత్రము డ్యూవరు పేటెంటు పొందలేదు. శాస్త్రజ్ఞులు స్వేచ్ఛగా వాడుకొనిరి. బెర్లినునందలి రైనోల్డు బర్గరు అను గాజుపనివాడు ఆ పాత్రకు లోహపు తొడుగు వేసి ఇంటివాడుకకు తగినట్లు మార్చి 1903లో జర్మనీలో పేటెంటు తీసికొనెను. 1904లో అది థర్మాస్ అను పేర విక్రయమునకు వచ్చెను. డ్యూవరు న్యాయస్థానమున పోరాడి ఓడిపోయెను. ప్రాణములు తీయు మందునకు పేటెంటు పొందినవాడు, ప్రాణములు దాచు పాత్రకు పొందకపోయెను. దీనివలన ఆయనకు ధనము రాలేదు. కాని లోకమునకు నష్టము కలుగలేదు.

1904లో ఆయనకు సర్ బిరుదము లభించెను. రాయల్ సొసైటీవారు 1916లో తమ గొప్ప బహుమానమైన కోప్లీ పతకము నిచ్చిరి. 1914లో మహాయుద్ధము ఆరంభమైన పిమ్మట శీతలప్రయోగములకు ధనమును, మనుష్యులును కఱవైరి. వృద్ధుడైన డ్యూవరు అప్పుడేమి చేసెను? చిన్నపిల్లలు ఊదునట్టి సబ్బుబుడగలను పరీక్షింపసాగెను. పలుచని సబ్బుపొరను పగులనీయక చిరకాలము నిలుపు విధమును శోధించెను. కోట్ల వెలగల యంత్రము లేకున్నను శోధించు మనస్సునకు సబ్బునురుగైనను చాలునని ఆయన చూపెను. 1923వ సంవత్సరము మార్చి 27వ తేదీని, ఎనుబదియేండ్ల ప్రాయమున, పదవిలో నుండగనే లండనులో స్వర్గస్థుడయ్యెను.

ఆయన మరణమునాటికి ఒక గొప్ప చిక్కు విడలేదు. ఎండిన విత్తనము చలిని సహించెను, సూక్ష్మజీవియు సహించెను. కాని నీటితో నిండిన జంతుకణము గడ్డకట్టినచో చచ్చుచుండెను. కారణమేమనగా: కణము చుట్టునున్న నీరు మంచుపలుకులుగా మాఱునప్పుడు ఉప్పులు మిగిలిన కొలదినీటిలో చేరి దానిని కటువుగా చేయును. ఆ ఉప్పునీరు కణములోని నీటిని లాగివేయును. త్వరగా చల్లార్చినచో కణములోపలనే మంచుపలుకులు పుట్టి దాని పొరలను చీల్చును. నిదానించినను చావే, త్వరపడినను చావే.

ఈ చిక్కును విడదీసినది 1949లో లండనునందలి మిల్ హిల్ ప్రయోగశాలలో జరిగిన ఒక పొరపాటు. క్రిస్టఫర్ పోల్జి, ఆడ్రీ స్మిత్తు, అలన్ పార్క్సు అనువారు కోడిపుంజు బీజమును గడ్డకట్టించి బ్రదికించుటకు చక్కెరద్రావణములతో ప్రయత్నించి విఫలులగుచుండిరి. ఒకసారి చక్కెరద్రావణమని తలచి ఒక బుడ్డిలోని ద్రవమును కలుపగా బీజము చక్కగా బ్రదికెను. శోధించి చూడగా ఆ బుడ్డిలో చక్కెర లేదు. పేరుచీటీ తాఱుమాఱైనట్లు తోచెను. అందున్నది గ్లిసరినును, గ్రుడ్డు తెల్లసొనయు. గ్లిసరిను నీటితో కలిసి మంచుపలుకుల బలమును తగ్గించి కణమును కాపాడెను. పొరపాటును పాఱవేయక దాని కారణమును వెదకినందున గొప్ప సత్యము చేతికి చిక్కెను. మఱుసటి యేట ఆడ్రీ స్మిత్తు మనుష్యుల యెఱ్ఱరక్తకణములనుకూడ అట్లే కాపాడవచ్చునని చూపెను.

నాటినుండి డ్యూవరు పాత్రకు క్రొత్త జీవితము వచ్చెను. గాజునకు బదులు లోహముతో, అయినను అదే రెండుగోడల నడుమ శూన్యముతో చేసిన పాత్రలలో ద్రవనత్రజనిని నింపి, అందు కణములను ముంచి దాచుచున్నారు. శాస్త్రజ్ఞులు నేటికిని వానిని డ్యూవరులనియే పిలుతురు. 1972లో అమెరికాలో చిట్టెలుక పిండములను సున్నకు దిగువ 196 డిగ్రీలకును, 269 డిగ్రీలకును చల్లార్చి మరల బ్రదికించిరి. ఈ రెండవది డ్యూవరునకు చిక్కక పోయిన ద్రవహీలియము చలియే. 1988లో అమెరికా బాలుడొకడు వంశపారంపర్యమైన ఘోరరక్తవ్యాధిచే బాధపడుచుండెను. అతని చెల్లెలు పుట్టినప్పుడు బొడ్డుత్రాటినుండి తీసిన రక్తమును గడ్డకట్టించి, శీతలపాత్రలో అట్లాంటికు సముద్రము దాటించి పారిసునకు చేర్చి అతని కెక్కించిరి. ఆ బాలుడు బ్రదికెను.

మన తెలుగునాటకూడ ఆ పాత్రను చూడవచ్చును. పశువైద్యశాలలోని అల్యూమినియపు డబ్బా మూత తీయగానే తెల్లని పొగవంటి ఆవిరి వెలువడును. అందు మేలుజాతి ఎద్దుల బీజము ద్రవనత్రజనిలో నుండును. హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారు అంతరించుచున్న వన్యమృగముల కణములను ఇట్లే దాచుచున్నారు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ మొదలగు పైరుల విత్తనరకములు లక్షకు మించి, బాగుగా ఆఱబెట్టబడి, సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో నిద్రించుచున్నవి. కఱవుకాలమున రైతు గాదెలో విత్తుగింజను దాచినట్లే, రాబోవు తరములకై వానిని దాచుచున్నారు.

అయితే సంపూర్ణావయవముల విషయమున పని యింకను ముగియలేదు. దాత యొసగిన గుండెను మంచుపెట్టెలో గడ్డకట్టనీయక చల్లగా ఉంచినను నాలుగైదు గంటలకంటె నిలుపుట కష్టము. మూత్రపిండము ఒకదినము, మహాయైన ఒకటిన్నర దినము నిలుచును. అందుచేతనే అవయవమును తీసికొనిపోవు వాహనమునకు పోలీసులు దారి తొలగింతురు. ఒక్కొక్క కణమును రక్షించుట వేఱు. కోట్లకొలది కణములను, వాని నడుమనున్న రక్తనాళములను ఒకేసారి చల్లార్చి, ఒకేసారి వెచ్చజేయుట వేఱు. లోపల ఒకచోట వేడి, ఒకచోట చలి యున్నచో అవయవము గాజువలె పగులును. 2023లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు ఎలుక మూత్రపిండమును మంచుపలుకులు పుట్టనీయక గాజువలె గట్టిపఱచి, దినములకొలది దాచి, అందు నింపిన ఇనుపరేణువులను అయస్కాంతశక్తిచే వేడిచేసి సమముగా కరగించి, మఱియొక ఎలుకకు అమర్చగా అది పనిచేసెను. ఎలుక మూత్రపిండము చింతగింజంత, మనుష్యునిది పిడికిలంత. ఆ రెండింటి నడుమ దాటవలసిన దారి యెంతయో కలదు. ఆ దారిని నేడు ఏ పాఠశాల బల్లపైనో కూర్చున్న బాలుడో, బాలికయో దాటవచ్చును.

మృతుడైనవానిని చలిలో నుంచి మరల బ్రదికించుట యెవనికిని సాధ్యపడలేదు. చలి జీవమును పుట్టింపలేదు. ఉన్న జీవమును ఆపి దాచగలదు. ఎండిన గింజలో ప్రాణమును నిద్రపుచ్చి, తగిన కాలమున మేల్కొలుపుట సృష్టికర్త మొదటనుండి చేయుచున్న పని. శాస్త్రజ్ఞుడు దానిని చూచి నేర్చుకొన్న విద్యార్థి.

బాలబాలికలారా, డ్యూవరు చరిత్రమునుండి మనము నేర్వదగినవి రెండు. మొదటిది, చేతిపనిని చులకన చేయరాదు. రోగపు మంచముపాలైన కాలమునకూడ వ్రేళ్లు ఒక మంచిపని నేర్చుకొనవచ్చును. అది యేనాటికి ఎట్లు ఫలించునో మనమెఱుగము. రెండవది, కోపమును నమ్మరాదు. ఎంతటి చలినైనను వశపఱచుకొన్నవాడు తన కోపపు వేడిని చల్లార్చుకొనలేక, పొరుగువాని తలుపు తట్టలేక, చేతికందిన విజయమును జాఱవిడిచెను. ఆయన కీర్తికొఱకు వెదకిన హీలియము దక్కలేదు. పనికొఱకు ఒక సాధనముగా చేసికొన్న గాజుపాత్ర మాత్రము నిలిచి, నేటికిని పేరెఱుగని రోగులకును, పైరులకును, పశువులకును సేవచేయుచున్నది. మనలో ఎవరైనను రేపు ఇంటిలో ఫ్లాస్కు మూత తిప్పునప్పుడు, మంచు విఱిగి నీటిలో పడిన ఆ బాలుని ఒక్కసారి తలచుకొందురుగాక.